తుమ్మకండి, బంతెలుక పడుకుంది

సుగి చెట్టు పుప్పొడి మానవజాతికి దక్కిన మహా వరమని నేను బల్ల గుద్ది చెబుతున్నాను. బల్ల నిండా ఉప్పులో ఊరుతున్న ఊమె కాయల జాడీలు ఉన్నాయి కాబట్టి కాస్త మెల్లగానే గుద్దాను. అంతమాత్రాన నా మాటలో పస తగ్గిందనుకోకండి.

పోయిన నెల మా టౌన్ ఆఫీసు వాళ్లు తమ పత్రికలో ఒక పోటీ పెట్టారు. మన ప్రాంతానికి చిహ్నంగా ఏది ఉండాలి, బంతెలుకా, సుగి చెట్టా? ఫలితాలు ఈ నెల సంచికలో వచ్చాయి. బంతెలుకకి పన్నెండు వందల ఆరు ఓట్లు. సుగి చెట్టుకి ఒకటి.

ఆ ఒక్కటీ నాది!

మా ఆయన షిగెహారు ఆ పేజీ చూసి, "ఎవడో తుమ్ముతూ తుమ్ముతూ తప్పు గడిలో టిక్కు పెట్టుంటాడు" అన్నాడు. నేను సూపు వడ్డించాను. కాపురం సజావుగా సాగడానికి ఆడవాళ్లు ఎన్నెన్నో దాచుకుంటారు. నేను ఒక చెట్టుని దాచుకున్నాను.

అసలు ఆ చెట్టు చేసిన నేరమేమిటి? మా కొండ ఊరు మిజుకోషిలో ముందు తలుపు తీస్తే సుగి, వెనక తలుపు తీస్తే సుగి. యుద్ధం అయిపోయాక మా మామగారి తరం వాళ్లు బోడి కొండల మీద వరసలు కట్టి నాటారు, మనవల ఇళ్లకి దూలాలవుతాయని. మనవలు సిమెంటు ఇళ్లలోకి వెళ్లిపోయారు. చెట్లు మాత్రం ఆ కబురు అందనట్టు ఇంకా నిటారుగా పెరుగుతూనే ఉన్నాయి. ఫిబ్రవరి నడిమి నుంచి గాలి వీచినప్పుడల్లా కాసింత పసుపుపచ్చ పొగ వదులుతాయి. అంతే! ఆ మాత్రానికి ఊరూవాడా ముక్కు చీదుకుంటూ వాటిని తిట్టిపోస్తుంది.

కృతజ్ఞత లేని ముక్కులు.

ఆ పుప్పొడి వల్ల ఎన్ని లాభాలో ఒక్కసారి ఆలోచించారా? మూడు నెలలు మూతికి మాస్కు. అంటే మూడు నెలలు లిప్‌స్టిక్ అక్కర్లేదు, చిరునవ్వూ అక్కర్లేదు. మా వాడ సంఘం పెద్ద మోరివాకి గారు మార్చి మీటింగులో, ఏడాది కిందట మురుగు కాలవ శుభ్రం చేసిన వైనం నలభై నిమిషాలు వివరించారు. అంతసేపూ నేను మాస్కు లోపల నాలుక బయటపెట్టి కూర్చున్నాను. "మిత్సుయో గారు విన్నంత శ్రద్ధగా ఇంకెవరూ వినలేదు" అని తర్వాత ఆయనే మెచ్చుకున్నారు!

మా ఆయనకి ఆ మూడు నెలలూ వాసన తెలియదు. చేప మాడినా కిక్కురుమనడు. పెళ్లయిన పాతికేళ్లలో నా వంటకి పేరొచ్చేది వసంతకాలంలోనే.

బట్టలు బయట ఆరేయకూడదు. కాబట్టి ఉతకడం వాయిదా వేయవచ్చు. కిటికీలు తీయకూడదు. కాబట్టి తుడవడమూ వాయిదా వేయవచ్చు. బద్ధకానికి ఇంత శాస్త్రీయమైన ఆధారం ఇంకెక్కడ దొరుకుతుంది?

అంత్యక్రియల సంగతి సరేసరి. రెండేళ్ల కిందట మోరివాకి గారి పెదనాన్న పోతే, మా ఆయన కార్చినన్ని కన్నీళ్లు సొంత కొడుకులు కార్చలేదు. వాళ్లు పట్నం నుంచి వచ్చారు మరి, మా కొండగాలి ఇంకా అంటుకోలేదు. "ఎంత మెత్తటి మనసో" అని ముసలమ్మలు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ మెత్తటి మనసుకి ఆ రోజు వాడిన కాగితం రుమాళ్లు మూడు పెట్టెలు.

టీవీలో వాతావరణం చెప్పేటప్పుడు దేశపటం చూపిస్తారు కదా? ఏడాదిలో తొమ్మిది నెలలు మా కొండలు ఉన్నాయో లేవో వాళ్లకి పట్టదు. పుప్పొడి రోజుల్లో మాత్రం మా చోటు ముదురు ఊదా రంగులో వెలిగిపోతుంది! మేమున్నామని లోకానికి గుర్తు చేసేది ఎవరు? ఆ చెట్టే కదా?

అన్నిటికన్నా గొప్ప సదుపాయం ఇంకొకటుంది. ఆ రోజుల్లో ఎవరి కళ్లు ఎర్రగా ఉన్నా, ఎందుకని ఎవరూ అడగరు. పుప్పొడి అనుకుని ఊరుకుంటారు. మా అత్తయ్య ఈ ఏడాది ఈ సదుపాయాన్ని కాస్త ముందుగానే వాడుకుంది. ఆ సంగతికి వస్తాను.

ఇక ఎన్నికల్లో గెలిచినదాన్ని చూద్దాం. పుస్తకాల్లో దాని పేరు యమనె. మా కొండల్లో బంతెలుక. బొటనవేలంత ఒళ్లు, కుచ్చు తోక, తల నుంచి తోక మొదలుదాకా వీపు మీద కాటుక పెన్సిల్‌తో లాగినట్టు ఒకే నల్ల గీత. బరువు నాలుగైదు చెంచాల పంచదారంత. చలి మొదలయిందంటే ఉండలా చుట్టుకుని, తోక ముఖం మీద కప్పుకుని పడుకుంటుంది. ఒళ్లు మంచుముద్దలా చల్లబడిపోతుంది. దొర్లించినా తెలియదు. మళ్లీ కళ్లు తెరిచేది ఏప్రిల్‌లో.

ఆరు నెలలు!

నేను ఆదివారం మధ్యాహ్నం పావుగంట నడుం వాలిస్తే మా ఆయన గుమ్మంలో నిలబడి, "ఒంట్లో బాగాలేదా?" అంటాడు. బాగుంటే పడుకోవడమేమిటని దాని అర్థం. అదే ఆరు నెలలు ఒళ్లు తెలియకుండా పడుకున్న ఎలుకకి అంతరించిపోతున్న జీవుల జాబితాలో చోటు, దేశం మొత్తానికీ గర్వకారణమని బిరుదు, ముట్టుకోకూడదు, కదపకూడదు, లేపకూడదు అని చట్టం. దాని నిద్రకి భంగం కలిగితే పై ఆఫీసు దాకా కాగితాలు నడుస్తాయి.

చెట్టేమో పడుకోదు. ఎండలో నిలబడుతుంది, మంచులో నిలబడుతుంది, కొండచరియ జారకుండా పట్టుకుని నిలబడుతుంది. ఎటు చూసినా ఉంటుంది కాబట్టి ఎవరి కంటికీ ఆనదు. ఎవరైనా తలుచుకున్నారంటే అది తిట్టడానికే. ఈ లెక్కన ఇల్లాళ్లు కూడా సుగి జాతే. నా ఓటు మరెటు పడుతుందనుకున్నారు?

ఈ రెండు జాతులూ మా ఊరి బస్‌స్టాపులో ముఖాముఖి తలపడ్డాయి. ఆ కథ చెప్పాలి. ఊరి పేరూ మనుషుల పేర్లూ మార్చేశాను. బంతెలుక పేరు మాత్రం మార్చలేదు, దానికి చదువు రాదు కాబట్టి.

మా ఊరి నుంచి కింద టౌనుకి మంగళవారం, శుక్రవారం బస్సు. పొద్దున పదీ నలభైకి దిగుతుంది, మధ్యాహ్నం మూడింటికి ఎక్కుతుంది. అందులో ఎన్నడూ తప్పని ప్రయాణికురాలు మా అత్తయ్య తొకియె. వయసు ఎనభై ఒకటి. టౌన్లో ఆవిడకున్న పని, పోట్లాట.

మీరు చదివింది నిజమే. ఆవిడ అక్క యసు అక్కడి వృద్ధుల ఆశ్రమంలో ఉంటుంది. ఎనభై ఆరేళ్లు. మూడేళ్లుగా ఎవరితోనూ మాట్లాడదు. నర్సు పలకరిస్తే కళ్లు మూసుకుంటుంది. కొడుకు వస్తే కిటికీ వైపు తిరుగుతుంది. మా అత్తయ్య గుమ్మంలో కనబడిందా, "వచ్చావుటే, పళ్లు తడిపినదానా!" అని లేచి కూర్చుంటుంది.

అరవై ఎనిమిదేళ్ల కిందట, జూలై ఎండల్లో, వాళ్ల పుట్టింటి పెరట్లో ఉప్పులో ఊరిన ఊమె పళ్లు చాపల మీద ఆరబోశారు. మూడు రోజులు ఆరాలి. మూడో రోజు వాన కొట్టింది. చాపలు లోపలికి లాగాల్సినవాళ్లు లాగలేదు. ఏడాది ఊరగాయ బూజు పట్టింది. ఆ రోజు కాపలా ఎవరి వంతు? అదీ తగువు.

"నీ వంతే!"

"నీదే! నువ్వు కొలను గట్టున పాటలు పాడుకుంటున్నావు!"

"పాడింది నువ్వు. నాకు గొంతెక్కడుంది?"

రెండు గంటలు ఇదే. మధ్యలో అక్కగారు గంజన్నం గిన్నెడు తినేస్తుంది, తింటున్నట్టు కూడా తెలియకుండా. జనవరిలో మంచు కురిసి ఒక వారం బస్సు రాలేదు. ఆ వారమంతా ఆవిడ సరిగ్గా ముద్ద ముట్టలేదట. "ఎలాగోలా వస్తూ ఉండండి తొకియె గారూ. ఈవిడ గొంతు మేం వినేది మీరు వచ్చినప్పుడే" అంది నర్సు.

కారులో దింపవచ్చు కదా అంటారా? మా ఆయన పొద్దున ఆరింటికే ట్రక్కు తీసుకుని రోడ్డు పనికి పోతాడు. నాకూ లైసెన్స్ ఉంది. ఫోటో బాగుంటుంది. గుర్తింపు కార్డుగా తప్ప దాన్ని నేనెప్పుడూ వాడలేదు. కిందకి దిగేలోపు ముప్పై ఏడు మలుపులున్నాయి. నేను నడిపితే అక్కాచెల్లెళ్లు కలుసుకునేది ఈ లోకంలో అయితే కాదు.

అత్తయ్య రెండేళ్ల కిందటి వరకూ తనే నడిపింది. చిన్న తెల్ల ట్రక్కు, గేరు మారిస్తే కొండంతా వినబడేది. అప్పుడు టౌన్ ఆఫీసు నుంచి ఇనొకుమ గారని ఒక ఉద్యోగి మూడుసార్లు మా ఇంటికొచ్చాడు. మూడుసార్లూ మాస్కు గడ్డం మీదికి దించి టీ తాగాడు. మూడుసార్లూ ఒకటే పాట.

"బామ్మగారూ, మీ మంచికే చెబుతున్నా. ఈ వయసులో ఆ మలుపులేమిటి? లైసెన్స్ తిరిగిచ్చేయండి. బస్సుంది కదా!"

ఇచ్చేసింది. పూలగుత్తి ఇచ్చారు, ప్రశంసాపత్రం ఇచ్చారు, ఫోటో తీశారు. ఆ ఫోటోలో అత్తయ్య పూలగుత్తిని ఎవరిదో పసిపిల్లని ఎత్తుకున్నట్టు పట్టుకుని ఉంటుంది. పక్కన మాస్కుతో ఇనొకుమ గారు. కింద పెద్ద అక్షరాలు: "బస్సుంది, భరోసా ఉంది." ఆ పోస్టరు తెచ్చి బస్‌స్టాపు గోడకే అంటించారు.

ఈ ఫిబ్రవరి ఆరో తారీఖున ఆ పోస్టరు పక్కనే ఇంకో కాగితం వెలిసింది. ప్రయాణికులు తగ్గినందున మార్చి ముప్పై ఒకటితో ఈ రూటు ముగుస్తుంది, ఇంతకాలం ఆదరించినందుకు కృతజ్ఞతలు. కింద ఇనొకుమ గారి ముద్ర.

అత్తయ్య ఆ కాగితం నిలబడే చదివింది. ఇంటికొచ్చేసరికి కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఏమయిందత్తయ్యా?"

"పుప్పొడి" అంది.

అప్పుడు బయట మంచు కురుస్తోంది. సుగి మొగ్గ ఒక్కటి కూడా ఇంకా విచ్చుకోలేదు. నేను కాగితం రుమాళ్ల పెట్టె ముందుకు జరిపాను.

మరునాడే అర్జీ రాశాం. వాడలో సమాచారం ఇంటింటికీ తిప్పే అట్టకి దాన్ని క్లిప్పు పెట్టి పంపితే, పంతొమ్మిది ఇళ్ల నుంచి సంతకాలకి బదులు ముప్పై ఒక్క ముద్రలు పడి తిరిగొచ్చింది. అత్తయ్య తన ముద్ర ఎంత గట్టిగా నొక్కిందంటే కాగితం చిరిగింది. రెండు వారాలకి జవాబు వచ్చింది. సానుకూలంగా పరిశీలిస్తారట. ఈ దేశంలో పుట్టి పెరిగినవాళ్లకి ఆ మాటకి అర్థం విడమరచి చెప్పాలా? సొరుగులో పెట్టి, సొరుగు మూశాం అని!

మార్చి నడుమ ఒక మధ్యాహ్నం అత్తయ్యా నేనూ బస్‌స్టాపుకి వెళ్లాం. అదొక చిన్న సుగి చెక్కల గది, లోపల బల్ల, బల్ల కింద చెక్కపెట్టె, పెట్టెలో మా ఆడవాళ్ల సంఘం కుట్టిన దిళ్లు. ఆ స్థలం మోరివాకి గారిది. బస్సు ఆగిపోయే రోజున గది పడగొట్టి, ఖాళీ నేల చేసి ఆయనకి అప్పజెప్పాలని ఒప్పందం. ఈలోగా మా దిళ్లు మేం తెచ్చుకుందామని వెళ్లాం.

అట్టడుగు దిండు కుట్టు విడిపోయి ఉంది. లోపల దూదికి బదులు సుగి బెరడు, జుట్టులా సన్నగా చీల్చి ఉంది. ఆ బెరడు మధ్యలో ఒక గోధుమరంగు ఉండ. ఉండ మీద నల్ల గీత.

"అత్తయ్యా, కదలకండి."

"పామా?"

"కాదు, బంతెలుక."

ఆవిడ మోకాళ్ల మీద చేతులు ఆనించి వంగి చూసింది. "అయితే చలికాలమంతా నేను దీని నెత్తి మీద కూర్చున్నానన్నమాట" అంది. ఇంకాసేపు చూసి, గొంతు బాగా తగ్గించి, "మిత్సుయో, ఇది చట్టం ఉన్న ఎలుకే కదూ?" అని అడిగింది.

"అవును."

"ఆ ఇనొకుమకి ఫోన్ కొట్టు."

ముప్పై ఒక్క ముద్రలకి రాని మనిషి ఒక ఎలుకకి నలభై నిమిషాల్లో వచ్చాడు! మాస్కు మీద మాస్కు, కళ్లకి ఈతగాళ్ల లాంటి అద్దాలు, చెవులదాకా టోపీ, పుప్పొడి జారిపోయే నున్నటి కోటు. ఆయన ఉద్యోగంలో చేరి పదేళ్లయినా వసంతంలో ఆయన మొహం చూసినవాళ్లు మా వాడలో లేరు. గదిలోకి రెండడుగులు వేశాడో లేదో ముక్కు వణికింది. రెండు చేతులతో ముక్కు పట్టుకుని నలభై అడుగుల అవతల కూల్‌డ్రింకుల మిషన్ వెనక్కి పరుగెత్తాడు. ఏడు తుమ్ములు లెక్కపెట్టాం. తిరిగొచ్చి, నడుం వంచి, "క్షమించాలి, ఇబ్బంది పెట్టాను" అన్నాడు.

"పర్లేదు నాయనా" అంది అత్తయ్య.

ఆయన కంగారుపడి పెట్టె వైపు చూపించాడు. ఆ క్షమాపణ ఎలుకకట.

ఆ తర్వాత జరిగిందంతా నియమాల ప్రకారమే జరిగింది, నాకేం సంబంధం లేదు. ఎలుకని కదపకూడదు, కాబట్టి దిండు కదపకూడదు. దిండు కదపకూడదు కాబట్టి పెట్టె, పెట్టె కాబట్టి బల్ల, బల్ల కాబట్టి గది. గది ఉంటే నేల ఖాళీ కానట్టు. నేల ఖాళీ కాకపోతే స్టాపు రద్దయినట్టు కాదు. స్టాపు ఉండి బస్సు రాకపోతే జవాబు చెప్పాల్సింది టౌన్ ఆఫీసు. అందుకని, సదరు జీవి మేల్కొన్నట్టు నిర్ధారణ అయ్యేవరకూ బస్సు నడుస్తుందని ఉత్తర్వు వచ్చింది! దాంతోపాటు "నిద్ర స్థితి పరిశీలన పత్రం" అని ఒక కాగితం. నెలకొకసారి పూరించాలి. అందులో రెండు గడులు: నిద్రలో ఉంది, మేల్కొంది. కింద ముద్ర.

గది ముందు బోర్డు పెట్టారు. "నిశ్శబ్దం! అరుదైన జీవి నిద్రలో ఉంది. ఇక్కడ తుమ్మరాదు."

మార్చిలో! సుగి కొండ కింద! తుమ్మరాదు!

మోరివాకి గారు ఊరుకుంటారా? మిషన్ దగ్గర రోడ్డు మీద సున్నంతో గీత గీసి "తుమ్ముటకు స్థలం" అని రాయించారు. బస్సు కోసం నిలబడ్డవాళ్లు ఉన్నట్టుండి ముక్కు పట్టుకుని గీత అవతలికి ఉరకడం, పని కానిచ్చి గంభీరంగా తిరిగి రావడం. ఎవరైనా కొత్తవాళ్లు చూస్తే మా ఊళ్లో ఇదేదో వ్రతమనుకునేవాళ్లు. బస్సు డ్రైవరు హారన్ మానేశాడు. సాయంత్రం అయిదింటికి స్తంభం మీద మైకులో వచ్చే పాట సౌండు సగానికి తగ్గించారు.

"ఇరవై ఏళ్లుగా తగ్గించమని అడుగుతున్నాను ఆ మైకుని" అంది అత్తయ్య. "నేను గుండ్రంగా చుట్టుకుని అడగాల్సిందేమో."

మార్చి చివర ఇనొకుమ గారు తనిఖీకి వచ్చాడు. పుప్పొడి దట్టంగా రాలుతున్న రోజు. సున్నపు గీత అవతల నుంచే బైనాక్యులర్స్‌తో మూసి ఉన్న పెట్టెని చూసి "నిద్రలో ఉంది" గడిలో టిక్కు పెట్టుకుని వెళ్లాడు. ఏప్రిల్ చివర హినోకి చెట్ల పుప్పొడి వంతు. వాటికీ ఆయన ముక్కు లొంగిపోయింది. మళ్లీ గీత, మళ్లీ బైనాక్యులర్స్, మళ్లీ టిక్కు.

ఇక్కడ మీకొక చిన్న సంగతి చెప్పాలి. ఏప్రిల్ పంతొమ్మిదిన మేం మూత ఎత్తి చూస్తే బెరడు గూడు ఉంది, ఉండ లేదు.

"వెళ్లిపోయింది" అన్నాను.

"ముద్ర కూడా వేయకుండా" అంది అత్తయ్య.

"ఇప్పుడేం చేద్దాం?"

"నిన్నెవరైనా అడిగారా?"

"లేదు."

"మరింకేం?"

ఆ సాయంత్రం ఆవిడ ఊలు బుట్ట ముందేసుకుని కూర్చుంది. గోధుమరంగు ఉండ ఒకటి, నల్లది ఒకటి బయటికి తీసింది. నేను డిగ్రీ చదివాను. చలికాలం పోయాక ముసలావిడ ఊలు ఎందుకు తీసిందో అడగకూడదని తెలిసేంత చదువు నాకుంది. నా పాత కోటు కాలరుకి ఉండే బొచ్చు కుచ్చు మర్నాటి నుంచి కనబడలేదు. దాని గురించీ అడగలేదు.

మేలో ఇనొకుమ గారు రాలేదు. చిహ్నం పోటీ పనుల్లో మునిగిపోయాడట. ఎలుక గెలిచింది కూడా కదా, తీరిక లేదు పాపం.

వచ్చింది జూన్ మొదటి శుక్రవారం. వానాకాలం మొదలై రెండు రోజులయింది. మాస్కు లేదు, అద్దాలు లేవు, టోపీ లేదు. ఆయనకి గడ్డం మీద సొట్ట ఉందని మాకప్పుడే తెలిసింది. అత్తయ్య పదీ నలభై బస్సు కోసం బల్ల మీద కూర్చుని ఉంది, ఒళ్లో సంచి, సంచిలో సాక్ష్యంగా అక్కకి చూపించడానికి తీసుకెళ్లే పోయినేటి ఊమె ఊరగాయ. నేను గొడుగు పట్టుకుని పక్కన.

"జూన్ వచ్చేసింది బామ్మగారూ. ఇవి ఏప్రిల్‌లోనే లేస్తాయంటున్నారు, తెలిసినవాళ్లు."

"కొందరు ఆలస్యంగా లేస్తారు నాయనా. మా కోడల్ని చూడు."

నన్ను అనడం ఆవిడకి అలవాటే. ఆ రోజు మాత్రం ఆవిడ వేళ్లు సంచి పిడిని నలుపుతున్నాయి.

ఇనొకుమ గారు గొంతుక్కూర్చుని పెట్టె లాగాడు. మూత తీశాడు. పై దిండు తీశాడు, రెండోది తీశాడు. అడుగు దిండు కుట్టు దగ్గర బెరడుని వేలితో పక్కకి జరిపాడు.

గోధుమరంగు ఉండ ఉంది. నల్ల గీత కాస్త వంకరపోయింది. అత్తయ్య కళ్లద్దాలు మార్చుకోవాలని నేను ఎప్పటినుంచో చెబుతున్నాను. తోక మరీ ఖరీదైన కోటు తోకలా ఉంది. అంతా చేసి, చివర ముడి వేయడం మర్చిపోయింది. బెత్తెడు ఊలు కొస బయటికి వేలాడుతోంది.

పైన రేకు మీద వాన చప్పుడు. ఇనొకుమ గారు తలెత్తాడు. ఎదురుగా గోడ మీద ఆ పోస్టరు. పూలగుత్తి, అత్తయ్య, పక్కన తను. బస్సుంది, భరోసా ఉంది. రెండేళ్ల ఎండకి రంగు వెలిసింది గాని అక్షరాలు బాగానే కనబడుతున్నాయి. ఆయన దాన్ని చదివాడు. రాసినవాడు చదివినట్టు కాదు, మొదటిసారి చూసినవాడు చదివినట్టు చదివాడు.

తర్వాత వంగి, చిటికెన వేలితో ఆ ఊలు కొసని మెల్లగా లోపలికి తోశాడు. బెరడు కప్పాడు. దిండు మీద దిండు పెట్టి, చప్పుడు కాకుండా మూత వేశాడు. లేచి నిలబడి, జేబురుమాలు తీసి, పక్కకి తిరిగి, తుమ్మాడు.

మూడుసార్లు.

నటన చేతకాదు పాపం. ఆ తుమ్ముల్లో తడి లేదు. అయినా బోర్డు గుర్తొచ్చినట్టుంది, మూడోదానికి సున్నపు గీత అవతలిదాకా వానలో పరుగెత్తి వెళ్లాడు. తిరిగొచ్చి, పత్రం తీసి, "నిద్రలో ఉంది" గడిలో టిక్కు పెట్టాడు. కింద ఒక వాక్యం రాశాడు. పక్క నుంచి నేను చదివాను: "పుప్పొడి అధికంగా ఉన్నందున మరింత దగ్గరగా పరిశీలించుట సాధ్యపడలేదు." ముద్ర వేశాడు.

"గాఢనిద్రలో ఉంది బామ్మగారూ."

"అవునా? అయితే లేపకు నాయనా."

"వచ్చే నెల వస్తాను."

"రా. ఈసారి మాస్కు మర్చిపోకు" అంది అత్తయ్య.

జూన్‌లో సుగి పుప్పొడి రాలదు. మా ఊళ్లో మాటలు రాని పసివాళ్లకి కూడా ఆ సంగతి తెలుసు. ఫిబ్రవరి ఆరున రాలదు, జూన్ వానల్లో రాలదు. ఈ ఏడాది ఆ రెండు రోజులూ మా బస్‌స్టాపులో రాలింది. అలాంటి చెట్టుకి ఓటు వేయకుండా ఎలా ఉండగలను చెప్పండి? ఎలుకకి పరుపు పరిచింది దాని బెరడు. ఆఫీసరుని గీత అవతల నిలబెట్టింది దాని పొడి. చివరికి ఒక మంచిమనిషికి అబద్ధం చెప్పుకోవడానికి చోటిచ్చింది కూడా అదే. ఎలుక చేసిందేమిటి? పడుకుంది. లేచి వెళ్లిపోయింది.

అయినా ఒక్క విషయంలో ఎలుకకి దండం పెట్టాలి. లైసెన్స్ ఇచ్చేయమంటే ఇచ్చేసి, అర్జీ పెట్టి, నిలబడి, మర్యాదగా అడిగిన మనిషికి దొరికింది సొరుగు. ఎవరినీ ఏమీ అడగకుండా పడుకున్నదానికి దొరికింది బస్సు. మా వాడ ఆడవాళ్లమంతా ఈ చలికాలం నుంచి ఉండలు చుట్టుకుని పడుకుందామా అని ఆలోచిస్తున్నాం. ఊలు ఉంది. ఇక కావలసింది చట్టమే.

ఆ శుక్రవారం మూడింటి బస్సుకి అత్తయ్య తిరిగొచ్చింది. గొంతు బొంగురుపోయింది, మొహం వెలిగిపోతోంది. ఆ రోజు అక్కగారు రెండు గిన్నెలు తిందట. గడపలో కూర్చుని తడి చెప్పులు విప్పుతుంటే, ఇన్నేళ్లలో నేనెన్నడూ అడగనిది అడిగాను.

"అసలు ఆ రోజు కాపలా ఎవరి వంతత్తయ్యా?"

"నాదే" అంది ఆవిడ, రెండో చెప్పు విప్పుతూ.

"మరి ఆ ముక్క ఆవిడతో ఒప్పేసుకోవచ్చుగా?"

అత్తయ్య తలెత్తి, నా డిగ్రీ మీద నమ్మకం పూర్తిగా పోయినట్టు చూసింది.

"ఒప్పేసుకుంటే మంగళవారం ఏం మాట్లాడుకుంటామే?"